లెక్కల్లో 28 వచ్చిన అమ్మాయి కోసం

చెన్నైలో ఉండే మన తెలుగువాళ్ళు సొంతూళ్ళ ఆడపిల్లల చదువుకి డబ్బివ్వడానికి వెనకాడరు. ఏటా జూన్, జూలై వచ్చిందంటే టీ నగర్‌లోనో మైలాపూర్‌లోనో ఏదో ఒక హాల్లో సభ ఉంటుంది. నెల్లూరు, ప్రకాశం, చిత్తూరు జిల్లాల నుంచి టెన్త్‌లో 570, 580 మార్కులు తెచ్చుకున్న అమ్మాయిల్ని తల్లిదండ్రులతో సహా పిలిపిస్తారు. శాలువా కప్పుతారు, చెక్కు ఇస్తారు, అందరం కలిసి ఫొటో దిగుతాం. నేనూ అలాంటి ఒక సంఘంలో స్కాలర్‌షిప్పుల పని చూస్తుంటాను. తండ్రి కూలికి పోతుంటే ఊరి బడిలో చదివి అన్ని మార్కులు తెచ్చుకున్న పిల్ల స్టేజీ ఎక్కితే నాకూ కళ్ళు చెమరుస్తాయి. అయినా ఈ మాట చెప్పక తప్పదు. ఆ డబ్బులో ఎక్కువ భాగం ఆ పిల్లకి కాదు వెళ్ళాల్సింది. లెక్కల్లో 28 వచ్చి పది తప్పిన పిల్లకి వెళ్ళాలి.

580 వచ్చిన అమ్మాయి కోసం చాలామంది ఎదురుచూస్తుంటారు. రిజల్ట్ వచ్చిన సాయంత్రానికే కార్పొరేట్ కాలేజీల పీఆర్వోలు ఇంటికొచ్చి ఫీజు లేకుండా సీటిస్తామంటారు. 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీల్లో టెన్త్ మార్కుల మీదే సీటొస్తుంది. నూజివీడు, ఇడుపులపాయలతో మొదలై ఇప్పుడు ఒంగోలులో, శ్రీకాకుళంలో కూడా ఉన్నాయి. గురుకుల జూనియర్ కాలేజీలున్నాయి. పై చదువులకి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. మేమిచ్చే చెక్కు ఆ ఇంటికి గౌరవం, సంతోషం. కాదనను. కానీ అది అందకపోయినా ఆ పిల్ల చదువు ఆగదు. 28 వచ్చిన పిల్లకి అందులో పావు వంతు సమయానికి అందితే చాలు, ఆమె జీవితం వేరే దారి పడుతుంది.

సమయానికి అన్నాను. ఎందుకో చెప్తాను. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో టెన్త్ ఫలితాలు ఏప్రిల్ 23న వచ్చాయి. 81.14 శాతం పాసయ్యారు. పేపర్లలో ఆ అంకె పెద్దక్షరాల్లో వచ్చింది. మిగిలిన 19 శాతం అంటే లక్ష మందికి పైగా పిల్లలు. 2022లో ఇంకా ఎక్కువ, ఆరు లక్షల మందికి పైగా రాస్తే దాదాపు రెండు లక్షల మంది తప్పారు. 2025 సప్లిమెంటరీ మే 19న మొదలైంది. అంటే తప్పిన పిల్లకి నాలుగు వారాలు కూడా లేవు. ఆ నాలుగు వారాల్లోనే ఫీజు కట్టాలి, ఏడుపు ఆపుకోవాలి, ఎవరో ఒకరి దగ్గర కూర్చుని లెక్కలు నేర్చుకోవాలి. అప్పటికి బడికి సెలవులు. సార్లు, టీచరమ్మలు వాళ్ళ వాళ్ళ ఊళ్ళకి వెళ్ళిపోయి ఉంటారు. ఊళ్ళో పెళ్ళిళ్ళ సీజన్ కూడా అప్పుడే. వైశాఖం, జ్యేష్ఠం ముహూర్తాలు, ఆషాఢంలో విరామం, మళ్ళీ శ్రావణం. టెన్త్ తప్పిన పిల్ల సంబంధం మాట వైశాఖంలో మొదలైతే శ్రావణానికి పెళ్ళవుతుంది.

ఆడపిల్లలు మగపిల్లలకంటే ఎక్కువ తప్పుతారని కాదు. ఏటా ఆడపిల్లలదే పైచేయి. 2025లో వాళ్ళు 84.09 శాతం పాసైతే మగపిల్లలు 78.31. తేడా తప్పిన తర్వాత తెలుస్తుంది. మగపిల్లాడు తప్పితే నాలుగు తిట్లు తిట్టి నెల్లూరులో కోచింగ్‌కి పంపుతారు. అదీ కుదరకపోతే మెకానిక్ షెడ్డులోనో మొబైల్ షాపులోనో చేరతాడు. వచ్చే ఏడాది రాసుకుంటాడులే అంటారు. ఆడపిల్లకి ఆ వచ్చే ఏడాది ఉండదు. చదువు రాలేదు కాబట్టి ఇంట్లో కూర్చుంది, ఇంట్లో కూర్చుంది కాబట్టి సంబంధాలు చూడాలి. ఈ రెండు మాటల మధ్య ఎవరూ ఆగి ఆలోచించరు.

మా ఊరు నెల్లూరు జిల్లా మెట్టలో, కలిగిరి దాటి లోపలికి ఉంటుంది. కొన్నేళ్ళ కిందట మా పెదనాన్న మనవరాలు లెక్కల్లో తప్పింది. నేను చెన్నై విల్లివాక్కం నుంచి ఫోన్ చేసి, "వదినా, సప్లిమెంటరీకి ఫీజు కట్టారా?" అని అడిగాను.

"కట్టాం అమ్మాయ్. కడితే మాత్రం? సంక్రాంతి నుంచి లెక్కల సారే లేడు బళ్ళో. బదిలీ అయిపోయినాడు. కలిగిరిలో ట్యూషన్ చెప్తారంట, పోయేదానికి ఆటో ఉంది, సాయంత్రం వచ్చేదానికి లేదు. మీ అన్న పనికి పోతే దానికి తోడు ఎవరు?"

"మరి ఏం చేద్దామని?"

"మా తమ్ముడు అడగతా ఉన్నాడు. బయటోళ్ళు కాదు గదా. పిల్ల కళ్ళ ముందే ఉంటది."

పిల్లకి అప్పుడు పదిహేనేళ్ళు. మా వదిన చెడ్డ తల్లి కాదు. తను ఐదో తరగతి దాకా చదివింది. కూతురికి పెన్నులు, నోటుపుస్తకాలు, పరీక్షలప్పుడు హార్లిక్స్, ఏదీ తక్కువ చేయలేదు. ఆ నెల రోజుల్లో ఆమె చేతిలో ఉన్నవి రెండే: ఒకటి సాయంత్రం ఆటో లేకపోవడం, రెండోది తమ్ముడి సంబంధం. మొదటిదాన్ని తీర్చే మనిషి కనబడలేదు. రెండోదానికి ఏ అడ్డూ లేదు.

చివరికి కావలిలో ఉంటున్న రిటైరైన ఒక లెక్కల టీచరమ్మను బతిమాలుకున్నాం. పిల్ల వాళ్ళింట్లోనే ఉండి చదువుకుంది. పొద్దున భిన్నాలు, సమీకరణాలు, మధ్యాహ్నం పాత పేపర్లు. టీచరమ్మ డబ్బు తీసుకోనంది. తిండి ఖర్చుకి, పుస్తకాలకి, రానుపోను చార్జీలకి కలిపి నాలుగైదు వేలకు మించలేదు. 41 మార్కులతో పాసైంది. కావలిలోనే హాస్టల్లో ఉండి ఇంటర్ చదివింది, ఇప్పుడు డిగ్రీలో ఉంది. ఆ మేనమామకి ఇంకో చోట పెళ్ళయింది. అతనికీ కోపం లేదు, మొన్న పండక్కి వచ్చి "ఏమ్మా, బీఎస్సీ ఎంతవరకొచ్చింది?" అని అడిగి వెళ్ళాడు. అదే ఏడాది అదే వీధిలో ఇంకో పిల్ల సైన్సులో తప్పింది. ఆమెకి చెన్నైలో మేనత్త లేదు. శ్రావణంలో పెళ్ళి చేశారు.

ఒక పిల్ల చదువు ఆమెకి చెన్నైలో మేనత్త ఉందా లేదా అన్నదాని మీద ఆధారపడకూడదు. సంఘం అంటూ ఒకటి ఉన్నది అందుకే అని నేననుకుంటాను.

చట్టం ఎక్కడ వదిలేస్తుందో కూడా చూడాలి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యా హక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకి, అంటే ఎనిమిదో తరగతి దాకా, ఉచిత నిర్బంధ విద్య హక్కు ఇచ్చింది. 2006 బాల్య వివాహ నిషేధ చట్టం ఆడపిల్లకి 18 నిండకుండా పెళ్ళి చేయకూడదంటుంది. పద్నాలుగుకీ పద్దెనిమిదికీ మధ్య నాలుగేళ్ళున్నాయి. ఆ నాలుగేళ్ళూ ఆమెను బళ్ళో ఉంచే బాధ్యత గట్టిగా ఎవరి మీదా లేదు. పెళ్ళి చేయకూడదు అని మాత్రం ఉంది. ఖాళీగా ఉన్న పిల్లని చూపించి పెళ్ళి చేయొద్దంటే ఏ తల్లిదండ్రులు ఎన్నాళ్ళు ఆగుతారు? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 20-24 ఏళ్ళ ఆడవాళ్ళలో 18 నిండకముందే పెళ్ళయినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం. దేశం మొత్తం మీద 23.3. మనం కూర్చున్న ఈ తమిళనాడులో 12.8. గుమ్మిడిపూండి దాటి ఆరంబాకం చెక్‌పోస్టు దగ్గర సరిహద్దు దాటితే ఆ అంకె రెండింతలు దాటిపోతుంది. మనుషులు వేరు కాదు. అటూ ఇటూ చుట్టాలే. సంబంధాలు కలుపుకుంటారు, రెండు భాషలూ మాట్లాడతారు.

తేడాకి కారణాలు చాలా ఉన్నాయి, ఒక్క పథకంతో వచ్చింది కాదు. కానీ ఇక్కడ ఈ మధ్య చేసిన ఒక పని గురించి చెప్పాలి. తమిళనాడులో 1989 నుంచి మూవలూర్ రామామృతం అమ్మయ్యార్ పేరుతో పేదింటి ఆడపిల్లల పెళ్ళికి సాయం చేసే పథకం ఉండేది. కొంత చదువుకున్న పెళ్ళికూతుళ్ళకే ఇచ్చేవాళ్ళు. తర్వాత్తర్వాత తాళికి బంగారం కూడా కలిపారు. డిగ్రీ చదివినవాళ్ళకి 50 వేల రూపాయలు, 8 గ్రాముల బంగారం దాకా వెళ్ళింది. 2022లో ఆ పథకాన్నే మార్చేశారు. అదే పేరు ఉంచి, పెళ్ళికిచ్చే డబ్బుని చదువుకి మళ్ళించారు. ఆ ఏడాది సెప్టెంబర్ 5న చెన్నైలో 'పుదుమై పెణ్' మొదలైంది. ఆరు నుంచి పన్నెండు దాకా ప్రభుత్వ బళ్ళో చదివిన అమ్మాయి డిగ్రీలో, డిప్లొమాలో, ఐటీఐలో ఎక్కడ చేరినా చదువు అయ్యేదాకా నెలనెలా వెయ్యి రూపాయలు ఆమె ఖాతాలోనే పడతాయి. ఎన్ని మార్కులొచ్చాయని అడగరు. ఆ అడగకపోవడమే ఆ పథకంలో నాకు అన్నిటికంటే నచ్చిన విషయం. ప్లస్ టూ అత్తెసరు మార్కులతో గట్టెక్కిన పిల్ల కూడా కాలేజీకి వెళ్తే వెయ్యి వస్తాయి. బస్సుకి, జెరాక్సుకి, ప్యాడ్లకి ఇంట్లో చేయి చాచక్కర్లేదు.

మన వైపు 2022 అక్టోబర్‌లో వచ్చిన కళ్యాణమస్తు అనే పెళ్ళి సాయం పథకంలో వధూవరులిద్దరూ పది పాసై ఉండాలని పెట్టారు. మంచి ఉద్దేశమే. పద్దెనిమిది నిండాలన్న షరతు కూడా మేలే. కానీ పది సర్టిఫికెట్టు పెళ్ళి కాగితాల్లో ఒకటైతే, పది తర్వాత ఏమిటన్న ప్రశ్న ఇంట్లో ఎవరూ వేసుకోరు. పెళ్ళికి ఇచ్చే డబ్బు ఎంతైనా ఆ నాలుగేళ్ళకి అక్కరకి రాదు.

సంఘం మీటింగులో ఈ మాట తెచ్చినప్పుడు మా పెద్దాయన ఒకరు నిజాయితీగానే అడిగారు: "తప్పినవాళ్ళకిస్తే, కష్టపడి చదివిన పిల్లలకి మనం ఏం చెప్తున్నట్టమ్మా?" ఆయన తన పెన్షన్‌లోంచి ఏటా డబ్బు తీసిచ్చే మనిషి. ఆ ప్రశ్నకి గౌరవంగా జవాబు చెప్పాలి. తప్పిన పిల్ల కష్టపడలేదని మనకెలా తెలుసు? ఆమె బళ్ళో లెక్కల సారు ఎన్ని నెలలు ఉన్నాడు? పొద్దున నాలుగిళ్ళ నీళ్ళు మోసి, తమ్ముణ్ణి అంగన్‌వాడీలో దింపి, అన్నం వార్చి బడికొచ్చిన పిల్లకీ, లేచి పుస్తకం పట్టుకున్న పిల్లకీ ఒకే పేపరిస్తారు. మిరపకాయల కోతప్పుడు ఎన్ని రోజులు బడి మానిందో హాజరుపట్టీలో ఉంటుంది, మార్కుల మెమోలో ఉండదు. నెలసరి రోజుల్లో బళ్ళో మరుగుదొడ్డికి నీళ్ళు లేక ఇంట్లో ఉండిపోయిన రోజులూ అంతే. ఒకప్పటి కర్నూలు, మహబూబ్‌నగర్ పత్తి విత్తనాల చేలల్లో పువ్వుకి పువ్వు పుప్పొడి రాసే క్రాసింగ్ పనికి చిన్న వేళ్ళు కావాలని ఆడపిల్లల్నే పిలుచుకెళ్ళేవాళ్ళు. ఆ సీజన్ బడి మొదలైన నెలల్లోనే వస్తుంది. అక్కడ వెనకబడిన పిల్ల ఏప్రిల్‌కి అందుకోలేకపోతే అది ఆమె తెలివి లోపమా?

ఈ నగరంలో మనవాళ్ళు చేసిన మంచి పనులు గుర్తు చేసుకున్నా జవాబు దొరుకుతుంది. మనం సభ పెట్టుకునే టీ నగర్ పేరులో ఉన్న పిట్టి త్యాగరాయ చెట్టి మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు, 1920లో, థౌజండ్ లైట్స్ కార్పొరేషన్ బళ్ళో పిల్లలకి మధ్యాహ్నం తిండి పెట్టడం మొదలైంది. ఆకలేసిన ప్రతి పిల్లకీ పెట్టారు, మొదటి ర్యాంకు పిల్లకి మాత్రమే కాదు.

అంతకంటే దగ్గరి ఉదాహరణ దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. ఇంగ్లీషు మీడియం పెట్టారని చిన్నతనంలోనే బడి మానేశారు. ఉప్పు సత్యాగ్రహం, జైళ్ళు అయ్యాక మళ్ళీ పుస్తకాలు పట్టుకుని బెనారస్ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్ష ప్రైవేటుగా కట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎంఏ దాకా చదివి, 1942లో మద్రాసులో లా డిగ్రీ తీసుకున్నారు. ఆమె చదువు మధ్యలో తెగి మళ్ళీ అతుక్కున్న చదువు. అందుకే మైలాపూర్‌లో చిన్నపిల్లల క్లబ్బుగా మొదలై 1937లో ఆంధ్ర మహిళా సభ అయిన ఆ సంస్థలో ఆమె మొదట చేసిన పనుల్లో ఒకటి, చదువు ఆగిపోయిన అమ్మాయిల్ని, భర్త పోయినవాళ్ళని, అత్తారింటి నుంచి వచ్చేసినవాళ్ళని కూర్చోబెట్టి బెనారస్ మెట్రిక్‌కి తయారుచేయడం. తర్వాత ఢిల్లీ వెళ్ళి 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి మొదటి అధ్యక్షురాలైనప్పుడూ ఆ ఆలోచన వదల్లేదు. 1958లో ఆ బోర్డు పెద్దయిన ఆడవాళ్ళ కోసం కండెన్స్‌డ్ కోర్సులు మొదలుపెట్టింది. ఏళ్ళ చదువుని కొద్ది కాలంలో చెప్పి పరీక్ష రాయించే కోర్సులు అవి. స్త్రీ విద్య మీద వేసిన జాతీయ కమిటీకి అధ్యక్షత వహించిందీ ఆమే.

మనం ఆమె ఫొటోకి దండ వేసి సభ మొదలుపెడతాం. ఆమె చేసిన పని మాత్రం తప్పిన పిల్లల కోసం, మానేసిన పిల్లల కోసం. దాన్నే తెలంగాణలో 1991 నుంచి ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ వేరే రూపంలో చేసింది. పనిలోకి పోయిన పిల్లల్ని క్యాంపుల్లో ఉంచి, వయసుకి తగ్గ తరగతిలో చేరేదాకా చదివించారు. ఆ పనిని నడిపించిన శాంతా సిన్హాకి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. ఆ క్యాంపుల్లోకి వచ్చిన పిల్లల్లో ఎవరినీ మార్కులు చూసి తీసుకోలేదు.

"సరే, అత్తెసరు మార్కులతో ఇంటర్ గట్టెక్కితే ఆ పిల్లకి ఏమొస్తుంది?" అని ఇంకొకరు అడిగారు. మెట్ట నుంచి వచ్చినదాన్ని కాబట్టి నాకు వెంటనే గుర్తొచ్చేది దూబగుంట. కలిగిరి మండలమే. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. పగలంతా పొలంలో చేసి వచ్చిన ఆడవాళ్ళు రాత్రి లాంతరు కింద పలక పట్టుకునేవాళ్ళు. వాచకంలో సారా వల్ల పాడైన సంసారం కథ చదివి, అది తమ ఇంటి సంగతే కదా అని మాట్లాడుకున్నారు. దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఆమెతోటి ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. అది ఊరూరా పాకి, 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత జిల్లాలో రోజుకి రూపాయి దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలు పుట్టుకొచ్చాయి. వాళ్ళలో ఎవరికీ ర్యాంకు లేదు. కొంతమందికి సంతకం కూడా కూడబలుక్కుని చేయాల్సిందే. ఆ కాస్త చదువుతో ప్రభుత్వాన్ని కదిలించారు.

ఇంకో లెక్క కూడా ఉంది. 1970 నుంచి 2009 దాకా ప్రపంచంలో ఐదేళ్ళలోపు పిల్లల మరణాలు ఎంత తగ్గాయో, అందులో దాదాపు సగం ఆడవాళ్ళు బళ్ళో గడిపిన సంవత్సరాలు పెరగడం వల్లేనని 2010లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. ఆ అధ్యయనం లెక్కపెట్టింది ఎన్నేళ్ళు చదివారని, ఎన్ని మార్కులొచ్చాయని కాదు. పిల్లకి జ్వరమొస్తే మందు సీసా మీద మోతాదు చదవడానికి 580 అక్కర్లేదు.

ఇది చెప్తూనే ఒక మాట అనాలి. ఆడపిల్ల చదివితే కుటుంబానికి మేలు, పిల్లలకి మేలు, దేశానికి మేలు అని సభల్లో వింటుంటాం. నిజమే. కానీ మా పెదనాన్న మనవరాలు ఆ రోజు కావలికి వెళ్ళింది దేశం కోసం కాదు. ఆమెకి చదువుకోవాలనుంది. మేనమామని చేసుకోవాలని లేదు. ఆమె ఇష్టానికి ఇంకో సాకు వెతకాల్సిన పని నాకు కనబడదు.

ఇక ఇంటికీ బడికీ మధ్య దూరం సంగతి. బీహార్‌లో 2006 నుంచి తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకి సైకిల్ కొనుక్కోవడానికి డబ్బిచ్చారు. దాని మీద కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ చేసిన అధ్యయనంలో హైస్కూల్లో ఆడపిల్లల చేరికలు 32 శాతం పెరిగాయని, మగపిల్లలతో ఉన్న తేడా 40 శాతం తగ్గిందని తేలింది. ఆ మార్పు ఎక్కువగా హైస్కూలు మూడు కిలోమీటర్లు దాటి ఉన్న ఊళ్ళలోనే వచ్చింది. తల్లిదండ్రుల మనసు మార్చే ప్రచారం కంటే ముందు ఒక సైకిల్ ఆ పని చేసింది. తమిళనాడులో 2021 మే నుంచి టౌన్ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ లేదు. ఆంధ్రాలో 2025 ఆగస్టు 15 నుంచి ఉచిత ప్రయాణం వచ్చింది. చాలా మంచి పని. అయితే మా ఊరిలాంటి చోట సాయంత్రం బస్సే లేకపోతే ఉచితం ఎవరికి? మరో పక్క నాయుడుపేట, సూళ్ళూరుపేట, శ్రీసిటీ వైపు ఊళ్ళల్లో చూడండి. తెల్లారకముందే కంపెనీ బస్సు ఊరి మధ్యకొచ్చి ఆగుతుంది, షిఫ్ట్ అయ్యాక మళ్ళీ తెచ్చి దింపుతుంది. ఆ బస్సులో కూతుర్ని పంపడానికి తల్లులకి భయం లేదు, ఎందుకంటే పక్కింటి పిల్లలూ అదే బస్సులో ఉంటారు. మరి కాలేజీకి అలాంటి బస్సు ఎందుకుండదు? నాలుగూళ్ళ పిల్లలకి కలిపి నెలకొక ఆటో మాట్లాడటం ఒక సంఘానికి మోయలేని ఖర్చు కాదు. ఇంకో సంగతి. ఆ కంపెనీల్లో, చెన్నై పక్కన శ్రీపెరుంబుదూర్, ఒరగడం ఎలక్ట్రానిక్స్ కంపెనీల్లో చాలావాటికి ప్లస్ టూనో డిప్లొమానో కావాలి. దేశంలో ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్ళలో 40 శాతానికి పైగా తమిళనాడులోనే ఉన్నారు. ఆ ఉద్యోగం గొప్పదని నేననను, హాస్టళ్ళ తిండి గురించీ ఓవర్‌టైమ్ గురించీ గొడవలు జరిగాయి, జరగాలి కూడా. కానీ పది తప్పిన పిల్లకి ఆ గేటు దగ్గర నిలబడే వీలు కూడా ఉండదు.

ఇక మన ఇళ్ళ సంగతి. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. అన్నానగర్‌లో, అడయార్‌లో, ఓఎంఆర్ అపార్ట్‌మెంట్లలో మన తెలుగు కుటుంబాలు చంటిబిడ్డని చూసుకోవడానికి ఊరి నుంచి ఒక పిల్లని తెచ్చుకుంటాయి. "పది తప్పి ఖాళీగా ఉంది, పేదవాళ్ళు, మన దగ్గరైతే కడుపునిండా తింటుంది" అంటారు. బాగానే చూసుకుంటారు కూడా, బట్టలు కొంటారు, పండక్కి ఇంటికి పంపుతారు. 2016లో సవరించిన బాల కార్మిక చట్టం ప్రకారం సొంత కుటుంబ పనిలో సాయం లాంటి ఒకటి రెండు మినహాయింపులు తప్ప పద్నాలుగేళ్ళలోపు పిల్లలతో ఏ పనీ చేయించకూడదు. పద్నాలుగు దాటితే ప్రమాదకరమైన పనులకే నిషేధం, ఇంటి పని అందులోకి రాదు. అంటే చట్టం ఆమెను ఇక్కడ కూడా అదే నాలుగేళ్ళ దగ్గర వదిలేసింది. చట్టం ఆపకపోయినా మనం ఆగాలి. ఆదివారం స్కాలర్‌షిప్ సభకి వెళ్ళి, సోమవారం పొద్దున పదిహేనేళ్ళ పిల్ల చేతికి చంటిబిడ్డనిచ్చి ఆఫీసుకి వెళ్ళడం నాకు ఏ విధంగానూ సరైనదిగా తోచదు. ఇప్పటికే అలా తెచ్చుకున్నవాళ్ళుంటే, ఆ పిల్లకి ఓపెన్ స్కూల్లో పేరు రాయించి, రోజూ ఆమె చదువుకునే గంటలు పని వేళల్లోంచి తీసి ఇవ్వండి. పరీక్షలకి ఊరికి పంపండి. ఆ తర్వాత తిరిగి రావాలో వద్దో ఆ పిల్లే తేల్చుకుంటుంది.

కిందటి మీటింగులో నేనడిగింది ఇది. స్కాలర్‌షిప్పు నిధిలో మూడింట రెండొంతులు ఏప్రిల్ మొదటికే విడిగా పెట్టాలి. రిజల్ట్ వచ్చిన వారంలోపు కావలి, ఆత్మకూరు, వెంకటగిరి లాంటి చోట్ల ఆడపిల్లల కోసం సప్లిమెంటరీ క్యాంపు పెట్టాలి. అక్కడే ఉండి, తిని, చదువుకునేలా ఉండాలి. చెప్పడానికి రిటైరైన టీచర్లు, ఊళ్ళో బీఈడీ చేసి ఖాళీగా ఉన్న అమ్మాయిలు దొరుకుతారు, వాళ్ళకి జీతం ఇవ్వాలి. పాసైన పిల్లకి ఇంటర్ రెండేళ్ళూ బస్సు ఖర్చో హాస్టల్ అడ్వాన్సో నెలనెలా పంపాలి, ఏడాదికోసారి చెక్కులాగా కాదు. మళ్ళీ తప్పితే మళ్ళీ రాయించాలి. ఆ ఇంటికి సంఘం తరఫున ఒక ఆడమనిషి నెలకోసారి ఫోన్ చేయాలి, ఎందుకంటే సంబంధం మాట మొదట తెలిసేది ఆడవాళ్ళకే. మూడింట రెండొంతులు అనేసరికి కొందరికి టెన్షన్ వచ్చింది. సగం దగ్గర ఒప్పుకున్నారు. మా పెద్దాయన తన వాటా మొత్తం క్యాంపుకే రాయించారు.

మీదీ ఒక ఊరే కదా. మార్చి అయ్యేలోపు మీ ఊరి హైస్కూల్ హెడ్‌మాస్టర్‌కి ఫోన్ చేయండి. లెక్కల పోస్టు ఖాళీగా ఉందా? నిరుడు తప్పిన ఆడపిల్లలు ఎంతమంది, ఇప్పుడు ఎక్కడున్నారు? మండలంలో ఉన్న కస్తూర్బా విద్యాలయంలో ఇంటర్ ఉందా, సీట్లు మిగిలాయా? సాయంత్రం ఆఖరి బస్సు ఎన్నింటికి? పేర్లు అడిగి రాసుకోండి, వాళ్ళ అమ్మల ఫోన్ నంబర్లతో సహా.